కోసేసిన గడప

కోట ఊరి నుంచి సముద్రం వైపు వెళ్లే దారిలో ఉంది మా ఇల్లు. అన్నయ్య పోయాక రెండేళ్లు తాళం పడింది. చివరికి నేనూ వదినా దాన్ని గెస్ట్‌హౌస్‌గా మారుద్దామనుకున్నాం. పనులు జరిగినన్నాళ్లూ వదిన బుచ్చిరెడ్డిపాలెంలో కూతురి దగ్గర ఉంది. వంట తనది, మిగతా పెత్తనమంతా నాది. పెత్తనమంటే నాకు చిన్నప్పటి నుంచీ మహా సరదా.

వదిన కొత్త కోడలిగా వచ్చిన రోజు, పదేళ్ల ఆడపడుచుని, వీధి గడప దగ్గర రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడ్డాను. మొగుడి పేరు చెబితేగానీ లోపలికి రానివ్వనన్నాను. పాపం, తలొంచుకుని చెప్పింది. వినపడలేదని మళ్లీ చెప్పించాను. అంత గడుగ్గాయిని.

పనులు ముగింపుకొచ్చాక గదులు చూడటానికొచ్చిన ఒకాయన చక్రాల పెట్టె ఆ గడపకే తట్టుకుంది. ముసలివాళ్లయితే పడిపోతారన్నాడు. సబబే అనిపించి, వడ్రంగిని పిలిచి కోసెయ్యమన్నాను. అతను రంపం పక్కన పెట్టి నసిగాడు.

"వదినమ్మని ఒక మాట అడిగినారా అక్కా?"

"దీనికి కూడా ఊరంతా అడగాలా? కానీయ్" అని కసిరాను.

వదిన తిరిగొచ్చిన రోజు ఎదురెళ్లి సంచి అందుకున్నాను. తను అలవాటు కొద్దీ కాలు ఎత్తి వేసింది. దాటడానికి అక్కడేమీ లేదు. తూలి ద్వారబంధం పట్టుకుంది. నేను నవ్వాను. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

వదిన వంగి, గడప ఉన్న చోట పూసిన సిమెంటుని చేత్తో తడిమింది.

"తీసేసినావా?"

"పెట్టెలు దొర్లాలి కదా వదినా."

"మీ అన్న పేరు నేను నోరు తెరిచి పలికింది జన్మలో ఆ ఒక్కపూటే అమ్మాయ్. ఇక్కడే. నువ్వే పలికించినావు."

నిజమే. "ఏమండీ" తప్ప ఆమె నోట ఇంకో పిలుపు నేనెన్నడూ వినలేదు. ఆస్పత్రిలో పేషెంటు పేరేమిటని అడిగినప్పుడు కూడా చెప్పలేక నా వైపే చూసింది. అంతా చూసినదాన్ని, నాకెందుకు తట్టలేదు?

వడ్రంగి దగ్గరికి పరిగెత్తాను. చెక్క లేదు. ఎగుడుదిగుడు నేల మీద కొత్త మంచాలు ఊగకుండా ముక్కలు చేసి కాళ్ల కింద పెట్టేశాడట. చెక్క వృథా చెయ్యొద్దన్నది నేనే. సముద్రం వైపు గదిలోకి వెళ్లి, మంచం కాలి కింద నుంచి ఒక ముక్క లాగాను. ఒక పక్క పసుపు ఇంకా అలాగే ఉంది. అక్కడే కూలబడి ఏడ్చాను. వదిన వచ్చి దాన్ని కొంగుతో తుడిచి, వంటింట్లో పోపుల పెట్టె పక్కన పెట్టుకుంది.

ఇప్పుడు అతిథులు వస్తున్నారు. చేపల పులుసు అద్భుతమంటున్నారు. వండిన మనిషి మాత్రం వీధి వాకిట్లోంచి రాదు. రాకపోకలన్నీ దొడ్డివైపు నుంచే.

సముద్రం వైపు గదిలో మంచం ఊగుతోందని దిగినవాళ్లందరూ చెబుతారు. బాగు చేయిస్తానని అందరికీ చెబుతాను. ఆ కాలి కింద ఇంకో చెక్క పెట్టడానికి మాత్రం నాకు చేతులు రావు.