మీ ఇంట్లో అమ్మ ఏమంటుంది?

ఆ స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్లో ఆమెను అందరూ సామెతల మేడమ్ అనేవాళ్లు. ఇంగ్లీషు జాతీయాల్ని చిలకపలుకుల్లా బట్టీ పట్టించడం ఆమెకు గిట్టదు. 'పీస్ ఆఫ్ కేక్' అని బోర్డు మీద రాసి, ముందు ఆ కేకు సంగతి మర్చిపొమ్మనేది. ఎప్పుడు, ఎందుకు వాడతారో చెప్పి, "ఇదే మాటకి మీ ఇంట్లో అమ్మ ఏమంటుంది?" అని అడిగేది. ఎవరో ఒకరు "నల్లేరు మీద నడక" అనేదాకా వదిలేది కాదు. 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్'కి వెనకబెంచీ నుంచి "అమావాస్యకో పున్నానికో" అని వినబడితే, "శభాష్!" అని బల్ల చరిచేది. అలా నేర్చుకున్నది జన్మలో మరిచిపోరని ఆమె నమ్మకం.

సెంటర్ ఓనర్ కూడా ఒకప్పుడు ఆమె క్లాసులో వెనకబెంచీవాడే. ఇంగ్లీషు ముక్క పెగలక ఇంటర్వ్యూల నుంచి ముఖం వేలాడేసుకుని వచ్చే రోజుల్లో, క్లాసయ్యాక కూర్చోబెట్టి మరీ నేర్పింది. వాడు సెంటర్ పెడితే సొంత తమ్ముడు పెట్టినంత సంబరపడి వచ్చి చేరింది. భర్త నడుం దెబ్బతిని మంచం పట్టాక ఆ ఉద్యోగమే ఇంటికి దిక్కయింది.

వేసవంతా వాడు ఆమె పాఠాలను కెమెరాకెక్కించాడు.

"జ్వరమొచ్చి మానేసినవాళ్లకి పనికొస్తాయి మేడమ్," అన్నాడు.

పిచ్చితల్లి నమ్మింది. రోజూ ఇస్త్రీ చీర కట్టుకొచ్చి ఖాళీ బెంచీలకు పాఠం చెప్పింది. అలవాటు పోక, ప్రశ్న అడిగి, కాసేపు ఆగి, "శభాష్" అనేది. తన గొయ్యి తనే తవ్వుకుంటూ పైగా శభాష్ ఒకటి!

సెలవుల తర్వాత గదికి పిలిచాడు.

"నథింగ్ పర్సనల్ మేడమ్. మనం న్యూ లీఫ్ టర్న్ చేస్తున్నాం. ఇవాళ్టి నుంచి వీడియోలే పాఠాలు చెప్తాయి. మీకింక రెస్టు."

తేనె పూసినా కత్తి కత్తే. ఆ తేనె వాడి నోట్లో పోసింది కూడా తనే. ఇంటికెళ్లి మంచంలో ఉన్న మనిషికి ఏం చెప్పాలో తోచలేదు. కేకలేద్దామనుకుంటే పాత ప్రశ్నే నోటికొచ్చింది.

"దీన్ని మీ ఇంట్లో అమ్మ ఏమంటుంది బాబూ?"

సిగ్గుతో తల దించుకుంటాడనుకుంది. వాడు క్లాసులో లాగే ఠక్కున జవాబిచ్చాడు.

"ఏరు దాటి తెప్ప తగలెయ్యడం." ఆపైన నవ్వాడు కూడా. "మంచి పాఠం మేడమ్ అది. అదీ రికార్డయింది."

ఆమె సంచీ తీసుకుని వరండాలోకి వచ్చింది. క్లాసులో లైట్లార్పి వీడియో పెట్టారు. గోడ మీద ఇస్త్రీ చీరలో నిలబడి తనే అడుగుతోంది, "మీ ఇంట్లో అమ్మ ఏమంటుంది?" పిల్లలు ఫోన్లలో తలలు దూర్చి ఉన్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు.

గోడ మీది మేడమ్ కాసేపు ఆగి, నవ్వుతూ "శభాష్!" అంది.