వీరగల్లును తిరిగి తెచ్చిన మేష్ట్రు

హైస్కూల్లో మాకు చరిత్ర చెప్పిన మేష్ట్రు పోయారని మొన్న హొసకోట బస్సులో పక్క సీటావిడ చెప్పింది. దిగాల్సిన స్టాపు దాటిపోయినా నాకు తెలియలేదు.

ఒకప్పుడు ఆయనంటే నాకు చెడ్డ కోపం. కర్ణాటకలో తెలుగు మాట్లాడే మా ఊరి పొలిమేరలో ఒక వీరగల్లు ఉండేది. పశువుల దొంగలతో పోరాడి చచ్చిపోయిన మా వంశపు మనిషిని, కత్తి ఎత్తినట్టు చెక్కిన రాయి. వేరుశెనగ విత్తే ముందు మా అవ్వ దానికి నూనె రాసేది. దాని పాతదనం చూసి మురిసిపోయి పట్నం మ్యూజియంకు జాబు రాసింది ఈయనే. లారీ వచ్చి ఎత్తుకుపోయింది. "ఆడ భద్రంగా ఉంటాదమ్మా" అని అవ్వతో అన్నారు. ఆ ఏడూ, మరుసటేడూ వానల్లేక పంట పోయింది. ఊరంతా తిట్టింది. "వానకూ రాతికీ ఏం సంబంధం?" అని వాదించేవారు. అంత తేలిగ్గా తగ్గే మనిషి కాదు.

ఎనిమిదో క్లాసులో మమ్మల్ని ఆ మ్యూజియంకు తీసుకెళ్లారు. అవ్వ కూడా వెంటపడి వచ్చింది. రాయి కింద చీటీలో నంబరుంది, మా ఊరి పేరు లేదు. అవ్వ చెయ్యి చాపితే కావలి మనిషి అడ్డుకున్నాడు.

"మా తాతప్పా. ముట్టుకుంటే ఏమైతాది?"

అతనికి తెలుగు రాదు. ఆ మాట కన్నడంలో చెప్పబోయి, మేష్ట్రు సగంలోనే ఆగిపోయారు. తిరుగు బస్సులో అవ్వ పక్కన కూర్చుని, "తప్పు చేసినానమ్మా" అన్నారు.

రెండేళ్లు అర్జీలు పట్టుకుని కాళ్లరిగేలా తిరిగారు. "ఎవురిదో చెప్పని వస్తువు దొంగసొత్తే" అని మాకు పాఠం మధ్యలో చెప్పేవారు. చివరికి రాయి వచ్చింది. బడి గదిలోనే ఉంచాలి, నూనె తగిలితే మళ్లీ పట్టుకుపోతామని మ్యూజియం వాళ్ల షరతు. ఆయన సంతకం పెట్టారు. మా ఊరి పేరూ వంశం పేరూ రెండు భాషల్లో రాసి పెట్టారు. 'ముట్టరాదు' అన్న బోర్డు కూడా తానే రాసి తలుపుకు తగిలించారు.

విత్తనాల పొద్దున అవ్వ గిన్నెతో వచ్చింది. "మీ సంతకం మీద పోయనులే సారూ, మా తాతకు రాస్తా."

ఆయన బోర్డు కేసి చూసి తలుపు తీశారు. "కానీమ్మా. అడిగితే నేను చెప్పుకుంటా."

ఆ మధ్యాహ్నమే తనిఖీకి జీపొచ్చింది. మేష్ట్రు గబగబా వెళ్లి రాయికి వీపు ఆనించి నిలబడ్డారు. ముట్టరాదని రాసి మీరే ఆనుకున్నారేమని అధికారి కన్నడంలో అడిగాడు. నడుం నొప్పి అన్నారు. వాళ్లున్నంతసేపూ అంగుళం కదల్లేదు. కిటికీలోంచి చూస్తున్న నాకు కోపమంతా కరిగి ఏడుపొచ్చింది.

జీపు చప్పుడు వినబడకుండా పోయాక, అవ్వకు చెప్పడానికి వీధిలోకి నడిచారు. ఆయన తెల్లచొక్కా వీపు మీద, నూనె మరకలో, కత్తి ఎత్తిన మా తాత.