కార్నర్ బిట్టు ఇంటి విలువ

సూర్యాపేటలో మా ఇల్లూ, మా తోటికోడలి ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. రెండూ ఒకే మేస్త్రీ కట్టాడు. జాగా పంచేటప్పుడు మా మామ, "చిన్నోడే ముందు కోరుకోనీ" అన్నాడు. మా మరిది కార్నర్ బిట్టు కోరుకున్నాడు. మా ఆయన తలూపాడు. నాకు ఆనాడే కడుపు మండింది, కానీ పెద్దకోడల్ని, పైకి అనలేకపోయాను.

తోటికోడలిది కోదాడ. కూర పొయ్యి మీద పెడితే వాడంతా వాసన. చుట్టాలొస్తే మా ఇంట్లో చాయ్ తాగి, వాళ్ళింట్లో అన్నం తినిపోయేవాళ్ళు.

ఇళ్ళ లోన్లు సగానికి పైగా తీరాక, బ్యాంకు వాళ్ళు కొత్త సంగతి చెప్పారు. ఇంటికి ఇప్పటి విలువ కట్టించి పెద్ద లోన్ ఇస్తారట. పాత లోన్ అందులోనే తీరిపోయి, మిగిలింది మన చేతికొస్తుందట. మాకు మేడ మీద రెండు గదులు వేసి కిరాయికి ఇవ్వాలని. ఆమెకు కోదాడలో కర్రీ పాయింట్ పెట్టాలని. రెండు ఇళ్ళకూ విలువ కట్టే ఆయన ఒకే రోజు వచ్చాడు.

ముందు మా ఇంటికి. నేను నాలుగు రోజుల ముందే గోడలకు సున్నం వేయించాను. ఆయన సున్నం చూడలేదు. బాత్రూం పైన స్లాబుకు పట్టిన చెమ్మ చూశాడు. వెనక మేం తర్వాత వేసుకున్న వంటింటి దగ్గర ఆగి, "ఇది ప్లాన్‌ల లేదు కదమ్మా, లెక్కల రాదు" అన్నాడు.

"వంట అండ్లనే చేస్తున్నం సార్" అన్నాను. చాయ్ తాగి వెళ్ళిపోయాడు.

పక్కింట్లో నా తోటికోడలు బెండకాయలు తరుగుతోంది. లేవను కూడా లేదు. "చూసుకోండి అన్నా" అంది, అంతే. ఆయన బయటికొచ్చి రెండు రోడ్ల వైపు నుంచీ ఫొటోలు తీసుకున్నాడు. నేను బట్టలు ఆరేస్తున్నట్టు గోడ దగ్గరే నిలబడ్డాను.

వారం తిరక్కుండా తెలిసింది, ఆమె ఇంటికి మాకంటే చాలా ఎక్కువ విలువ కట్టారని.

"వాళ్ళకు రెండు దిక్కుల రోడ్డున్నది. అందుకే ఎక్కువైతది" అన్నాడు మా ఆయన.

"మరి మన ముంగటున్నది రోడ్డు కాదా, మురికి పారే మోరీనా?"

ఆయన నవ్వాడు. ఆ పూట నేను ఆయనకు అన్నం పెట్టలేదు.

ఊరుకోలేక, మళ్ళీ ఫీజు కట్టి ఇంకొకరితో విలువ కట్టించాను. ఈసారి వచ్చింది మిర్యాలగూడ అమ్మాయి, ఇంజినీరు. మాదీ మిర్యాలగూడే, మా నాన్న రైస్ మిల్లులో గుమస్తా అని చెప్పుకున్నాను. ఆ పిల్ల నవ్వుతూ అన్నీ విన్నది. వింటూనే చెమ్మ పట్టిన చోట వేలితో కొట్టి చూసింది, పెచ్చు రాలి కింద పడింది. విలువ మొదటిదానికంటే ఇంకా తగ్గింది. మా ఆయన ఆ ఫీజు రసీదు మడిచి బీరువాలో పెట్టాడు. తిట్టినా బాగుండేది.

మేడ మీద ఒక్క గదితో సరిపెట్టుకున్నాం. ఆమె కర్రీ పాయింట్ పెట్టింది. ప్రారంభానికి రమ్మంటే మోకాళ్ళ నొప్పులని చెప్పాను.

కొన్ని నెలలకు కోదాడలో ఒక పెళ్ళికి పోయి వస్తూ మా ఆయన బలవంతంగా అక్కడికి తీసుకుపోయాడు. మధ్యాహ్నం వేళ, షాపు ముందు జనం రోడ్డు దాకా ఉన్నారు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మా అక్కండీ" అని అందరికీ చెప్పి, లోపల కూర్చోబెట్టి వంకాయ కూర వడ్డించింది. ముంజేతి మీద నూనె చిందిన మచ్చలు కనిపించాయి.

"నీకేంటక్కా, నెల తిరిగేసరికి కిరాయి వస్తది, కూర్చుని తింటావు. నేను పొద్దున లేస్తే పొయ్యి దగ్గరే. నిన్ను చూస్తే కుళ్ళొస్తది నాకు" అంది నవ్వుతూ.

ఎన్నేళ్ళ తర్వాతో నా గుండె చల్లబడింది. బస్సెక్కేదాకా ఆ మాటే తలుచుకున్నాను. బస్సు కదిలాక అనుమానమొచ్చింది: నిజంగా అన్నదా, నా మొహం చూసి ఊరడించడానికి అన్నదా? ఊరడించడానికే అయితే, ఆ మంచితనం చూసి కూడా నాకు కుళ్ళే.

"కూర మంచిగున్నది కదా?" అన్నాడు మా ఆయన.

"ఉప్పెక్కువైంది" అన్నాను.

కాలేదు.