కుప్పమ్మ ఏడు రాళ్ళు

పులికాట్ ఒడ్డు రోడ్డు మీద మైలురాళ్ళు ఎన్నని అడిగితే కుప్పమ్మ చెప్పలేదు. చరిత్ర రాళ్ళు ఎన్నంటే మాత్రం ఠక్కున చెప్తాది, ఏడు. "నా రాళ్ళు" అంటాది. రోడ్డు గ్యాంగులో తట్ట మోసే కూలిమనిషి గవర్నమెంటు రాళ్ళను నావి అనేదేంది అని నవ్వేవాళ్ళను నవ్వనీ. పదకొండేళ్ళు ఆ రోడ్డు గుంతలు పూడ్చిన చేతులు ఆమెవి.

డెబ్బై నాలుగులో పైవాళ్ళకు బుద్ధి పుట్టి, ఆ దోవలో పాతకాలం తెల్లోళ్ళు దిగిన చోటల్లా ఒక నల్లరాయి నాటించినారు. ఈడ డచ్చివాళ్ళ గిడ్డంగి ఉండేది, ఈడ ఇంగిలీషు కుంఫిణీ పడవలు ఆగేవి అని తెలుగులో చెక్కించినారు. ఉప్పుగాలికి ఆ అక్షరాల్లో పూసిన తెల్లరంగు ఆర్నెల్లు నిలవదు. మళ్ళా మళ్ళా పూసే పని కుప్పమ్మకు పడింది. ఆమెకు ఒక్క అక్షరం రాదు. అయినా సన్న కుంచె పట్టుకుని గాడి వెంబడి పోయిందంటే గీత దాటదు. ఓవర్సీరు బాలసుబ్రమణ్యం మొదట్లో ఒకసారి ఏడు రాళ్ళూ చదివి వినిపించినాడు. అంతే, ఆమెకు నోటికి వచ్చేసినాయి.

చిక్కంతా నాలుగో రాయితో వచ్చింది. అది ఉప్పులపాళెం అనే చేపలు పట్టేవాళ్ళ ఊరి ముందర ఉండాది. ఏ పని మొదలుపెట్టినా పసుపు రాసి, కుంకం పెట్టి, టెంకాయ కొట్టడం మనోళ్ళ వాడిక కదా. కుప్పమ్మా అట్లే కొట్టింది, తన రంగుపని సల్లగా సాగాలని. ఊరి ఆడోళ్ళు చూసినారు. గవర్నమెంటు మనిషే దండం పెట్టిందంటే అది ఉత్త రాయి ఎట్లవుతాది? దానికి తోడు ఆ వారమే వలల్లో రొయ్యలు విరగబడి పడినాయి. ఇంకేముంది, రోడ్డమ్మ వెలిసింది. ఆ పొద్దు నుంచి కుప్పమ్మను కుంచె ఆనించనీలేదు వాళ్ళు. నూనె, పసుపు మందంగా పేరుకుని రాత మొత్తం మునిగిపోయింది.

డెబ్బై తొమ్మిదిలో ఒక దినం బాలసుబ్రమణ్యం సైకిలు దిగి చెప్పినాడు. "శనివారం పెద్ద ఇంజనీరు వస్తాండాడు, రాళ్ళన్నీ చూస్తాడంట. పర్మనెంటు లిస్టులో నీ పేరు రాసినా, ఆయన సంతకమే తక్కువ. నాలుగో రాయి అట్లే ఉందంటే నీ ఉద్యోగం గంగలో కలిసినట్టే."

గీకేదానికి పోతే నాగులమ్మ అడ్డం కూర్చుంది. ఊరి ఆడోళ్ళలో పెద్దది ఆమె, ఆమె నోరు ఇంకా పెద్దది. "అమ్మ మీద ఇనప బ్రష్షు పెడతావా మే? ముందు నా మీద పెట్టు."

కుప్పమ్మ కాసేపు తల గోక్కుని మెల్లగా అడిగింది. "అది సరే అత్తా, అమ్మ వెలిసి అయిదేండ్లాయె. ఒక్కసారన్నా తలంటి పోసినారా? ఆడబిడ్డను జిడ్డు తలతో నిలబెట్టేది ఏం మర్యాద?"

నాగులమ్మ లేసి, కుంకుడుకాయలు కొట్టండని ఊరి ఆడోళ్ళను కేకేసింది.

శుక్రవారం పొద్దున కుంకుడుకాయ రసం, చింతపండు, పదారు బిందెల నీళ్ళు తెచ్చి, పాటలు పాడుకుంటా రుద్దినారు. రాయి నిగనిగలాడింది. తలంటినాక సింగారం చెయ్యాల గదా అని సాయంత్రానికి కుప్పమ్మ రంగు పూసేసింది.

"ఏం రాసుండారే అమ్మ ఒంటి మీద?" అని నాగులమ్మ అడిగింది.

కుప్పమ్మ గడగడా ఒప్పజెప్పింది. డచ్చివాళ్ళు వచ్చినారు, గిడ్డంగి కట్టినారు, బట్టలు కొన్నారు, పడవలకెత్తి సముద్రం దాటించినారు.

"నేసినోళ్ళు ఎవురు? పడవ తోలినోళ్ళు ఎవురు?"

"అది రాయలేదత్తా."

"మన తాతల తాతలు కాకుంటే ఆకాశం నుంచి దిగినారా?" అని నాగులమ్మ బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. కుప్పమ్మకు సిగ్గేసింది. ఇన్నేండ్లు రంగు పూసినా ఈ మాట తనకు తట్టనే లేదు.

శనివారం ఇంజనీరు అన్నీ చూసి నాలుగో రాయి దగ్గర ఆగినాడు. ఇంత పొందికగా పూసిన మనిషికి చదువు రాదంటే నమ్మలేదు. రాయికి వీపు పెట్టి నిలబడమన్నాడు, ఏముందో చెప్పమన్నాడు. ఆమె ఒక్క మాట పొల్లు పోకుండా ఏడు రాళ్ళూ చెప్పింది. ఆయన నవ్వి, లిస్టు తీసుకుని పెన్ను మూత తీసినాడు.

సంతకం పడినాక అనుంటే ఏం పోయింది? అట్లా ఆగేదైతే ఆమె కుప్పమ్మ ఎట్లవుతాది? "సార్, ఈ రాత సగమే ఉండాది. నేసినోళ్ళు లేరు, పడవ తోలినోళ్ళు లేరు. అంతా తెల్లోళ్ళే చేసినట్టుండాది."

ఇంజనీరు పెన్ను మూత పెట్టేసినాడు. "చూద్దాంలేమ్మా" అని లిస్టుతో సహా జీపెక్కినాడు.

బాలసుబ్రమణ్యం తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టినాడు. మొగుడు చిన్నబ్బ నోరు మంచిదైతే ఊరు మంచిదని సణిగినాడు. రెండు నెలలు ఆమెకు అన్నం సయించలేదు. చేజారిన పర్మనెంటు ఉద్యోగానికి ఏడ్చింది గానీ, అన్న మాటకు ఒక్కనాడూ చింతపడలేదు.

మూడో నెలలో రాతిపని మునిరామయ్య ఉలి, సుత్తి తీసుకుని దిగినాడు. ఉలి చూసి అడ్డమొచ్చిన నాగులమ్మ, బాలసుబ్రమణ్యం చెవిలో ఒక మాట చెప్పేసరికి తనే పక్కకు జరిగింది. ఇంజనీరు పంపిన కాగితం చూసుకుంటా మునిరామయ్య నాలుగో రాయి మీది రాత కింద ఇంకో వరస చెక్కినాడు. బాలసుబ్రమణ్యం గొంతు సవరించుకుని చదివినాడు. "ఆ బట్టలు నేసినదీ, ఆ పడవలు నడిపినదీ ఈ ఒడ్డు ఊళ్ళ జనమే." చదివినాక జేబులోంచి పర్మనెంటు ఆర్డరు తీసి ఇచ్చినాడు.

కుప్పమ్మ దాన్ని కొంగున ముడేసుకుని కుంచె తీసింది. ఊరంతా చుట్టూ నిలబడి చూస్తాంటే, తల ఎత్తకుండా కొత్త వరసకు రంగు పూసింది. నాగులమ్మ కళ్ళు తుడుచుకుని పసుపు గిన్నెతో ముందుకొచ్చింది.

"నెత్తిన పుయ్యత్తా, ఎంతైనా పుయ్యి" అని కుప్పమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఈ వరస మీద చుక్క పడిందంటే మాత్రం అమ్మవారని కూడా చూడను."