అత్తయ్యగారి కునుకు

పక్షులను పెరట్లోకి రప్పించడం చాలా తేలికని నేను నమ్మిన రోజులవి. మట్టి మూకుట్లో నీళ్ళు పెట్టి, గుప్పెడు గింజలు చల్లితే చాలు, మిగతాదంతా దానంతటదే జరిగిపోతుందనుకునేవాణ్ణి. (పెళ్ళి గురించి కూడా అప్పట్లో నాకు ఇంచుమించు ఇదే అభిప్రాయం.) ఢిల్లీలో ఉద్యోగం కొత్త, కాపురం కొత్త, గవర్నమెంటు క్వార్టరు మాత్రం పాతది. కింది అంతస్తు కావడంతో వెనక చిన్న పెరడు, అందులో ఒక జామచెట్టు ఉండేవి. ఆ పెరట్లో జరిగిన ఒక సంగతి మా చుట్టాల్లో ఇన్నేళ్ళూ తప్పుగా ప్రచారంలో ఉండేది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో మొన్నమొన్నటిదాకా చెప్పుకుని నవ్వేవాళ్ళు. ఆ కథలో నవ్వుల పాలయ్యింది మా అత్తగారు. కావలసింది నేను. అందుకే ఇది రాస్తున్నాను.

మొదలైంది ఆఫీసులో, లంచ్ టేబుల్ దగ్గర. మా ఆఫీసరుగారిది రాజమండ్రి వైపు. వసంత్ కుంజ్‌లో ఉండేవారు. పక్షులంటే ప్రాణం. టిఫిన్ డబ్బా మూత తియ్యడానికి ముందే ఫోన్ తీసి, తెల్లవారుజామున తీసిన పిట్టల ఫోటోలు అందరికీ చూపించేవారు. నా ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. ఏదో ఒకటి మాట్లాడి ఆయన దృష్టిలో పడాలన్న ఆత్రంలో, "మా పెరట్లోకి ట్రీపై పిట్ట వస్తుంది సార్" అనేశాను. ఇటుకరంగు ఒళ్ళు, నల్లటి తల, బారెడు తోక ఉండే ఆ పిట్టను నేనొకసారి వీధి చివర కరెంటు తీగ మీద చూశాను. అదీ వెనకనుంచి.

"ఏవిటీ, మీ పెరట్లోకే?" అన్నారాయన చెంచా కింద పెట్టి.

"రోజూ సార్."

"అచ్ఛా! అయితే ఈ ఆదివారం పొద్దున్నే కెమెరా పట్టుకుని వస్తున్నా. ఫిల్టర్ కాఫీ పెట్టించవయ్యా."

ఆ సాయంత్రమే సజ్జలు కొని చల్లాను. పావురాలు వచ్చాయి. మూకుట్లో నీళ్ళు పెట్టాను. పావురాలు స్నానం చేశాయి. బొప్పాయి ముక్కలు కోసి జామకొమ్మకు గుచ్చితే ఉడతలు తినిపోయాయి. ట్రీపై జాడ లేదు.

సరిగ్గా ఆ వారమే మా అత్తగారు తణుకు నుంచి వచ్చి ఉన్నారు. మా ఆవిడ కడుపుతో ఉంది, పిండి వడియాల మీదికి మనసు పోయింది. అత్తగారు వచ్చిన మర్నాడే జీలకర్ర, పచ్చిమిర్చి నూరి వేసి బియ్యప్పిండి జావ కాచి, తడిపిన పాత చీర పెరట్లో నులకమంచం మీద పరిచి, గరిటెతో చుక్కలు చుక్కలుగా వడియాలు పెట్టారు. వరండాలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. ఆవిడ కాపలా పద్ధతే వేరు. కళ్ళు మూసుకుని దేవుడి నామాలు చదువుతూ, ఒక్కో నామానికి మాప్ కర్రతో నేల మీద ఠక్కున ఒక దెబ్బ వేసేవారు. పుణ్యానికి పుణ్యం, కాపలాకి కాపలా. "పగలు నిద్రపోవడమన్నది నా ఒంట్లో లేదు అల్లుడుగారూ" అనేవారు. అది ఆవిడకు బిరుదులాంటిది. ఆవిడ కాపలా ఉందంటే ఊళ్ళో వాళ్ళు తమ వడియాలు కూడా తెచ్చి అత్తగారి డాబా మీదే ఎండబెట్టుకునేవాళ్ళట.

శుక్రవారం ఆఫీసుకు సెలవు. ఆవిడ మంచినీళ్ళకని లోపలికి వచ్చిన కాసేపట్లో వంటింటి కిటికీలోంచి చూశాను. సగం ఎండిన వడియాల మీద గోరింకలు, పిగిలిపిట్టలు, గుంపుగా తిరిగే సాత్ భాయి పిట్టలు. జామకొమ్మ మీద, ఇటుకరంగులో, తోక వేలాడేసుకుని, సాక్షాత్తూ అదే! ఆవిడ వెళ్ళి ఠక్‌మనిపించగానే అన్నీ ఎగిరిపోయాయి. పిట్టలకు వడియాల రుచి అలవాటైతే తప్ప ఆదివారం నా పరువు దక్కదని అప్పుడే అర్థమైపోయింది. అడ్డం మా అత్తగారి కర్ర.

శనివారం మధ్యాహ్నం కాళ్ళకు చెప్పులు లేకుండా వరండాలోకి నడిచాను. ఆవిడ కళ్ళు మూసుకుని నామాల్లో లీనమై ఉన్నారు. గుమ్మం దగ్గరి డోర్‌మ్యాట్ మడిచి, కర్ర పైకి లేచిన క్షణంలో దాని కిందకి తోసేశాను. ఠక్ పోయింది. కిటికీకి బిగించిన కూలర్ హోరులో ఆవిడకు ఆ తేడా తెలియలేదు. పిట్టలకు మాత్రం వెంటనే తెలిసింది. నామాలు పూర్తయ్యేసరికి చీర మీద చాలా మేరకు వడియాల బదులు వాటి మచ్చలే మిగిలాయి. డోర్‌మ్యాట్ లాగేసి పక్కకు తప్పుకోబోతున్నాను, ఆవిడ కళ్ళు తెరిచారు.

"అయ్యో, వడియాలేవీ?"

"కోతులండీ అత్తయ్యగారూ! ఇప్పుడే తరిమాను. మీరు... కాస్త కునుకు తీసినట్టున్నారు."

"నేనా? కునుకా? కర్ర కొడుతూనే ఉన్నానే!"

"నాకైతే వినపడలేదండీ." (ఆ రోజు నేను పలికిన ఒకే ఒక్క నిజం ఇదే.)

ఆవిడ కర్ర వైపు చూశారు, తన చేతి వైపు చూసుకున్నారు. ఆ రాత్రే మళ్ళీ జావ కాచి పెట్టుకుని, పొద్దున్నే తాజాగా వడియాలు పెట్టారు.

ఆదివారం ఆఫీసరుగారు మా వంటింటి కిటికీకి కెమెరా ఆనించి నిలబడ్డారు. "నామాలు లోపల చదువుకోండి, చల్లగా ఉంటుంది" అని అత్తగారిని ఎలాగో లోపల కూర్చోబెట్టాను. గోరింకలు వచ్చాయి. సాత్ భాయిలు వచ్చాయి. ట్రీపై జామకొమ్మ మీద వాలి తల వంచింది. ఆఫీసరుగారు ఊపిరి బిగబట్టారు.

"హూప్! హూప్! హూహూప్!"

గోడ అవతల కొండముచ్చు అరుపు. పక్క వీధి పిట్టలు కూడా ఎగిరిపోయి ఉంటాయి. ఆఫీసరుగారు ఎగిరిపడి చేతిలోని కాఫీ చొక్కా మీద ఒంపుకున్నారు. గోడ మీద ఒక తల లేచింది. "బందర్ భాగ్ గయే క్యా, దీదీ?" అని కోతుల సంగతి అడిగింది.

"నేనే పిలిచానండీ" అంది మా ఆవిడ గర్వంగా. "కోతుల్ని తోలడానికి కొండముచ్చులా అరిచే మనిషి ఉన్నాడని పై ఇంటి ఆంటీ చెప్పింది."

"ఇంతకీ ఈ కోతుల గొడవేమిటయ్యా?" అన్నారు ఆఫీసరుగారు చొక్కా దులుపుకుంటూ.

అప్పుడు మా అత్తగారు గుమ్మంలోకి వచ్చి, తల దించుకుని, "తప్పు నాదే బాబూ. కాపలా కూర్చుని నిద్రపోయాను. పెద్దదాన్నయిపోయాను" అన్నారు.

నేను నోరు తెరవాల్సింది అప్పుడు. తెరిచాను కూడా, కాఫీ తాగడానికి.

ప్రొబేషన్ మామూలుగానే పూర్తయింది, దానికీ ట్రీపైకీ ఏ సంబంధమూ లేదని తర్వాత తెలిసింది. కథ మాత్రం తణుకు దాకా పోయింది. పేరంటంలో అత్తగారు కాస్త కళ్ళు మూస్తే చాలు, "పిన్నీ, కోతులొచ్చాయి!" అని నవ్వేవాళ్ళు. మా అమ్మాయి పెరిగి పెద్దదై, "అమ్మమ్మా, బందర్ ఆ గయా!" అని ఏడిపించడం నేర్చుకుంది. ఆవిడా నవ్వేవారు. కానీ ఆ తర్వాత వడియాలు పెట్టడం మానేశారు. ఎవరైనా అడిగితే, "పెట్టడానికేం, చూసుకోలేనమ్మా, నిద్ర ముంచుకొస్తుంది" అనేవారు. మేము కరోల్ బాగ్‌లో ప్యాకెట్లు కొనుక్కుని వేయించుకున్నాం. నా వంతువి నేను మాత్రం ఎప్పుడూ మా ఆవిడ కంచంలో వేసేవాణ్ణి.

ఈ వేసవిలో ఆవిడ మా నోయిడా ఫ్లాట్‌కు వచ్చారు. ఒక సాయంత్రం బాల్కనీలో టీ తాగుతూ, డోర్‌మ్యాట్‌తో సహా అంతా చెప్పేశాను. ఆవిడ టీ కప్పు కింద పెట్టారు. తిడతారనుకుని తల వంచాను.

"అంటే... నేను నిద్రపోలేదన్నమాట!"

"లేదండీ."

"ఒక్క నామం కూడా తప్పలేదన్నమాట!"

"లేదండీ."

"ఏవే, నా ఫోన్ ఇలా తే!" అని కూతుర్ని కేకేశారు. నా ఎదురుగానే చెల్లెళ్ళకు, తోటికోడలికి, ఊళ్ళో ఎదురింటి వాళ్ళకు వరసగా ఫోన్లు. "నిద్రా లేదు, కోతులూ లేవు. మా అల్లుడే!" ఫోన్లోంచి నవ్వులు నాకు వినబడుతూనే ఉన్నాయి. అన్నీ అయ్యాక నా వైపు తిరిగి, "బియ్యం నానబోస్తున్నాను. కాపలా మీది" అన్నారు.

మర్నాడు బాల్కనీలో చీర పరిచి, మాప్ కర్రతో నన్ను కూర్చోబెట్టారు. కాసేపటికి రెయిలింగ్ మీద రెండు పిగిలిపిట్టలు వాలాయి. వెనకే గోరింకలు. అవి నా వైపు చూశాయి, వడియాల వైపు చూశాయి, మళ్ళీ నా వైపు చూశాయి.

ఆవిడ వచ్చేసరికి ఒక వరస ఖాళీ. "చూశారా, చూశారా! పట్టపగలు కునుకు!" అని ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు. మళ్ళీ ఫోన్లు. తణుకులో ఇప్పుడు నా పేరు చెప్పుకుని నవ్వుకుంటున్నారట. మొన్న మా అమ్మాయి, నేను పేపరు చదువుతూ కళ్ళు మూస్తే, "నాన్నా, బందర్!" అంది.

నవ్వుకోనివ్వండి. నిజానికి ఆ రోజు బాల్కనీలో నాకు నిద్ర పట్టలేదు. కళ్ళు మూసుకున్నాను, అంతే. ఈ కథను మాత్రం ఆవిడ దగ్గర సరిచేసే ఉద్దేశం నాకు లేదు.