దు మింగిన కంప్యూటరు

మేడ్చల్‌లో మా షాపు ముందు "జిరాక్స్, డీటీపీ, ఫ్లెక్సీ డిజైన్లు, బండ్లకు రేడియం స్టిక్కర్లు" అని బోర్డు ఉంటుంది. అన్నీ నేనే చేస్తాను. నా వల్ల కానిది ఒక్కటే, కంప్యూటరుకు నచ్చజెప్పడం. ఇన్నేళ్ల కాపురంలో మా ఆయన నన్ను ఎన్నో అడిగాడు గానీ, "ఈ పని చెయ్యమంటావా? నిజంగానే చెయ్యమంటావా?" అని అడిగి, నేను ఊఁ అన్నాక "చెయ్యడం కుదరదు" అని మాత్రం ఎప్పుడూ అనలేదు. కంప్యూటరు రోజూ అంటుంది.

నా మొదటి కంప్యూటరులో కిటికీల సిస్టమ్ ఉండేది. అందరికీ తెలిసిందే, పేరెందుకు. దాన్ని ఎవరు ఎక్కించారో, ఎక్కడినుంచి తెచ్చి ఎక్కించారో నేను అడగలేదు. కుండ కొంటే మూత వచ్చినట్టు కంప్యూటరుతో పాటే వచ్చింది. కొన్నాళ్లు బుద్ధిగా పనిచేసింది. తర్వాత తెర కింద, కుడివైపు మూలన, "మీది అసలు కాపీ కాదు" అని రాయడం మొదలుపెట్టింది. వచ్చేపోయే కస్టమర్ల ముందు పరువు తీస్తోందని ఆ మూలన "అప్పు అడగరాదు" అని ఒక చీటీ అంటించాను. అది రెండు రకాలుగా పనికొచ్చింది.

ఇక దాని అప్‌డేట్లు. షాపు ఖాళీగా ఉన్నంతసేపు దానికి ఏ కోరికా ఉండదు. పరీక్ష హాల్ టికెట్ కోసం ఒక పిల్ల గుమ్మంలో ఏడుపు మొహం పెట్టుకుని నిలబడితే, సరిగ్గా అప్పుడే అప్‌డేట్ గుర్తుకొస్తుంది. తెర నీలంగా మారి, చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి. ఆఫ్ చెయ్యొద్దని హుకుం. అందుకని షాపులో ఒక డబ్బాలో చింతపండు పెట్టుకున్నాను. అప్‌డేట్ అయినంతసేపు గింజలు తీస్తాను. ఆ సిస్టమ్ పుణ్యమా అని మా ఇంట్లో గింజ ఉన్న చింతపండు ఎవరూ చూడలేదు. అప్‌డేట్ అయ్యాక చూస్తే నిన్నటిదాకా ఎడమవైపున్న బటన్లు మధ్యకు వచ్చి ఉంటాయి, పనిచేసే ప్రింటరు పనిచెయ్యదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

ఈ బాధ పడలేక ఒకసారి అసలుదే కొందామని ఒక కంప్యూటర్ల షాపులో అడిగి చూశాను. కొంటే మనదవుతుందనుకున్నాను. కాదట, మనది వాడుకునే హక్కు మాత్రమేనట. డిజైన్లు చేసే సాఫ్ట్‌వేర్‌కు అదీ లేదు, ఏటా కట్టాలి, కట్టడం మానేస్తే మన చేత్తో మనం చేసుకున్న ఫైలు మనకే తెరుచుకోదు. ఇల్లు బాడుగకు తీసుకుంటే ఓనరు ఎంత పిసినారైనా ఏడాదికోసారి సున్నమేయిస్తాడు. ఖాళీ చేస్తే మన సామాను మనకిస్తాడు. ఈ ఓనరు సామాను కూడా ఇవ్వడు. ఆ షాపతను చెప్పిన ధర విని, మా షాపు అద్దె తలచుకుని, మజ్జిగ తాగి ఇంటికొచ్చేశాను.

మా తమ్ముడు దూలపల్లిలో ఒక చిన్న కార్ఖానాలో కంప్యూటర్లు చూసుకుంటాడు. వాడికి పెంగ్విన్ పక్షి బొమ్మ ఉండే సిస్టమ్ మీద భక్తి. కొందరు అయ్యప్ప మాల వేసుకున్నంత నిష్ఠగా దాన్ని వాడతాడు. ఎవరింటికి పోయినా మంచినీళ్లు తాగకముందే వాళ్ల కంప్యూటరులో ఏముందని అడుగుతాడు.

"అక్కా, ఒక్క పైస ఇయ్యకు. గీ పక్షి సిస్టం ముఫత్. దునియల సగం గిదే నడిపిస్తాంది."

"ముఫత్‌గ ఎవడిస్తడుర? ఏదో ఒకటి గుంజుకోకుంటనే ఇస్తడా?"

"గా సంశయమే వద్దు. దొంగ కాపీ పెట్టుకున్నప్పుడు లేని భయం సక్కగ ఇచ్చినదానికెందుకే?"

ఫ్రీగా వస్తే ఫినాయిల్ అయినా తాగే జాతి మనది. ఎక్కించుకున్నాను. నిజం చెప్పాలంటే పక్షి మర్యాదస్తురాలే. పరువు తీసే రాతలు లేవు, చెప్పాపెట్టకుండా అప్‌డేట్లు లేవు. కానీ ప్రింటరును చూసి "ఎవరు నువ్వు?" అంది. నేను అంతకుముందు పాత తెలుగు ఫాంట్లలో చేసిన శుభలేఖలు తెరిస్తే, చి.ల.సౌ. ఉండాల్సిన చోట ఒక డాలరు గుర్తు, రెండు బ్రాకెట్లు, ఒక ఇంగ్లిష్ క్యూ కనిపించాయి. పెళ్లికూతురు పేరు మొత్తం ప్రశ్నార్థకాలే. తమ్ముడు మాత్రం "కొత్త ఫాంట్లు అలవాటు జేసుకోవాలె అక్కా" అన్నాడు, మనిషి పోయిన ఇంట్లో ధైర్యం చెబుతున్నట్టు.

సరిగ్గా ఆ రోజుల్లోనే చేపలక్క వచ్చింది. శామీర్‌పేట వైపు ఒక ఊరి చెరువులో చేపలు పట్టే కుటుంబం వాళ్లది. తెల్లారి మేడ్చల్‌కు తెచ్చి అమ్ముతుంది. ఆమె నోటికి మార్కెట్టంతా జంకుతుంది. నన్ను మాత్రం బిడ్డా అనే పిలుస్తుంది. చదువు రాదు.

"ఒక బోర్డు జెయ్యాలె బిడ్డా. సంఘమోళ్లమంత కలిసి చెరువుల చేపపిల్లలు పోసినం. ఇంక ఏలంత పొడుగు గూడ పెరగలె. ఐతారమొస్తే సాలు, పట్నమోళ్లు గాలాలు పట్కొని దిగుతున్రు. గిప్పుడే పట్టుకపోతే ఏడాదంత మేమేం దినాలె? చేపలు పట్టొద్దు అని పెద్దగ రాయి, కట్ట మీదికెల్లి కనబడాలె."

ఇక్కడ నా చదువు అడ్డొచ్చింది. "పట్టొద్దు" అనేది మాట్లాడుకునే మాట, బోర్డుకు కాస్త గౌరవంగా ఉండాలనిపించింది. "ఇక్కడ చేపలు పట్టరాదు" అని రాసి, కింద సంఘం పేరు పెట్టి, చదివి వినిపించాను. ఆమె తెరను కాసేపు చూసి, అది పనికొచ్చేదో కాదో మార్కెట్లో తూనికరాయిని చూసినట్టు చూసి, "నువ్వు జెప్తె గంతే" అంది. నేను ఫైలును కొంపల్లిలో ఫ్లెక్సీలు వేసేవాళ్లకు పంపించాను. వాళ్లు వేశారు. చుట్ట చుట్టిన ఫ్లెక్సీని ఆమె అక్కడినుంచే తీసుకుపోయింది. శనివారం పొద్దున వాళ్ల వాళ్లు కట్ట మీద రెండు బొంగులు పాతి కట్టేశారు. కట్టినవాళ్లకు చదువొచ్చు, చదివారు కూడా. ఏం రాసుండాలో ముందే తెలిసినవాడు ఏది రాసి ఉన్నా అదే చదువుతాడు.

ఆదివారం పొద్దున దోసె తింటూ ఫోను చూస్తుంటే, ఎవరో తెలిసినావిడ వాట్సాప్ స్టేటస్‌లో మా బోర్డు కనిపించింది. నవ్వే బొమ్మలు నాలుగు వరసలున్నాయి. ఎర్ర అక్షరాలు, పసుపు రంగు, అంతా నేను చేసినట్టే ఉంది.

"ఇక్కడ చేపలు పట్టరా" అని ఉంది. కింద, ఇట్లు మత్స్యకారుల సంఘం.

దోసె పక్కకు నెట్టాను. కొంపల్లి వాళ్లకు ఫోను చేశాను. నేను వాడిన ఫాంటు వాళ్ల దగ్గర లేదట. లేకపోతే మనిషైతే ఫోను చేసి అడుగుతాడు. వాళ్ల సాఫ్ట్‌వేర్ అడగలేదు, దానంతటదే ఇంకొక లావుపాటి ఫాంటును తెచ్చి కూర్చోబెట్టింది. షేరింగ్ ఆటోలో లావుపాటివాళ్లు సర్దుకుని కూర్చుంటే చివరివాడు రోడ్డు మీద పడ్డట్టు, దు గడి దాటి బయటికి పడిపోయింది. తప్పు మాది కాదు, మీ ముఫత్ సాఫ్ట్‌వేర్‌ది అన్నారు వాళ్లు. ఆదివారమని మా ఇంటికొచ్చి ఉన్న తమ్ముడికి ఫోనిచ్చాను. "మీరు లైసెన్సుకు గన్ని పైసలు కట్టి ఒక్క తెలుగు ఫాంటు లేదంటరేంది?" అని వాడు మొదలుపెట్టాడు. ఇద్దరూ సిస్టమ్‌ల మీద పడ్డారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం. ఇక్కడ రొయ్యలు కాదు, వేలెడు కూడా లేని చేపపిల్లలు, అప్పటికే ఎన్ని గాలాలు పడ్డాయో.

షాపు తెరిచాను. కావలసింది ఒక్క అక్షరం. కంప్యూటరు వేసి పెద్దగా దు కొట్టి ప్రింటు ఇచ్చాను. ప్రింటరు లేదు, అంది. పక్కనే ఉందిరా దేవుడా, పచ్చలైటు వెలుగుతోంది! ఆ ప్రింటరుకు ఈ సిస్టమ్‌లో డ్రైవరు లేదు, అంది. ఉన్న డ్రైవరు ఈ మోడలుది కాదు, అంది. ఇంకోటి ఎక్కించబోతే కుదరదు, అంది. అప్పుడు తట్టింది నాకు. తెలుగులో కాదన్న ప్రతి మాటకూ తోక ఇదే కదా. లేదు, కాదు, రాదు, పోదు, కుదరదు, కూడదు. పొద్దున లేస్తే కిటికీలైనా పక్షైనా నా మొహాన కొట్టేది ఈ అక్షరమే. అన్ని దులు దగ్గర పెట్టుకుని, నాకు కావలసిన ఒక్కటి మింగి కూర్చుంది. దాని మానిటరు మీద ఒక్కటిచ్చి, ఆఫ్ చేసి, బండ్లకు వేసే ఎర్ర రేడియం కాగితం తీసి కత్తెరతో దు కోశాను. దానికి డ్రైవరు అక్కర్లేకపోయింది.

తమ్ముడి బండెక్కి, దారంతా వాణ్ణి తిట్టుకుంటూ చెరువుకు పోయాను.

కట్ట దగ్గర తిరునాళ్లలా ఉంది. కుర్రకారు బోర్డు కింద నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నీటి ఒడ్డున ఇద్దరు గాలాలేసి కూర్చున్నారు. అందులో ఒకాయన యాప్రాల్ నుంచి వచ్చాడట, నెత్తిన గుండ్రటి టోపీ, పక్కన బకెట్టు. చేపలక్క ఆయన ముందు నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"పట్టరాదు అని రాపిచ్చిన సార్ నేను. పైసలు బెట్టి రాపిచ్చిన."

"పట్టరా అనే ఉందమ్మా. ఇంత ప్రేమగా పిలిస్తే రాకుండా ఎట్లా?" అన్నాడాయన నవ్వుతూ. చెడ్డమనిషిలా లేడు. సరదాకే అన్నాడు. "పోనీ నువ్వే చదువు. దు ఎక్కడుందో చూపించు, ఇప్పుడే పోతాను."

చేపలక్క బోర్డు వైపు చూసింది. మార్కెట్టునంతా వణికించే మనిషి నడుం మీది చేతులు కిందికి దించేసింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. అంతకుముందు ఎన్ని నవ్వొచ్చే సంగతులున్నా ఆ నిమిషం నాకు నవ్వు రాలేదు.

"దు నా దగ్గరుంది సార్," అన్నాను. చేతిసంచిలోంచి ఎర్రటి దును తీసి చూపించాను.

జనం గొల్లున నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. తమ్ముడు బండిని బోర్డు కిందికి తోసి పట్టుకుంటే సీటు మీద ఎక్కి అతికించాను. కొంచెం వంకరగా, పక్క అక్షరాల కంటే లావుగా వచ్చింది. టోపీ ఆయన మాట తప్పలేదు. చదివి, దండం పెట్టి, గాలం చుట్టుకున్నాడు. బకెట్టు చేపలక్క ముందుకు జరిపాడు.

ఆమె బకెట్టులోకి చూసింది. అన్నీ ఏలంత లేనివే, సగం బకెట్టు ఉన్నాయి. నీళ్లలో మోకాళ్ల దాకా దిగి బకెట్టును మెల్లగా వంచింది. చాలా వరకు తళుక్కున మెరిసి లోతుకు పోయాయి. కొన్ని మాత్రం పోలేదు. తెల్లటి పొట్టలు పైకి పెట్టుకుని ఆమె కాళ్ల చుట్టూ తేలుతూ ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా ఏరి కొంగులో వేసుకుంది.

"వీటికి సదువు రాదు, నాకు రాదు," అంది. "సదువొచ్చినోళ్లని మీ దగ్గరికొస్తిమి బిడ్డా."

కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేది. పొద్దుటినుంచీ నాలుక చివర సిద్ధంగా ఉన్నవన్నీ, ఫాంటు, లైసెన్సు, డ్రైవరు, కొంపల్లి వాళ్లు, అన్నీ సాకుల్లా కనిపించాయి. సిగ్గేసింది. ఆమె "పట్టొద్దు" అంటే "పట్టొద్దు" అనే రాసి ఉంటే, చివరి అక్షరం ఊడినా పట్టమని పిలిచేది కాదు. తమ్ముడు మొదటిసారి పక్షి ఊసెత్తకుండా వెళ్లి ఆమె చేతిలోని ఖాళీ బకెట్టు అందుకున్నాడు.

చేపలక్క ఒడ్డుకు వచ్చి చెయ్యి చీర కుచ్చిళ్లకు తుడుచుకుని నా ముందు చాపింది.

"గా అక్షరమేదో గీన్నే రాయి. ఇగ నేనే సూసుకుంట."

పెన్నుతో అరచేతిలో దు రాశాను. తడికి సిరా అలుక్కుపోయింది. మళ్లీ తుడిచి, మళ్లీ రాశాను. ఆమె దాన్ని చూసింది, తలెత్తి బోర్డు మీద చివరిదాన్ని చూసింది, మళ్లీ చేతిని చూసుకుంది. తర్వాత పిడికిలి బిగించి, ఇంకా గాలం వేసుకుని కూర్చున్న రెండో మనిషి దగ్గరికి నడిచింది. అతని భుజం తట్టి లేపి, బోర్డు కిందికి తీసుకొచ్చి, ఆ వంకర అక్షరాన్ని వేలుపెట్టి చూపించింది.

"గిదేంది? సదువు."

"దు," అన్నాడతను.

"ఇంక గూడ పడ్తవా?" అంది.

అతను గాలం చుట్టడం మొదలుపెట్టాడు.