నిప్పు పరీక్షలో నా కొత్త ప్యాంటు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆ రోజుల్లో, పటాన్‌చెరు రోడ్డు పొడవునా ప్రతి భవనానికీ మెరిసే పలకలు తొడుక్కోవాలన్న పిచ్చి పట్టింది. మునక్కాడలా ఉండే నేను మెడకు టై బిగించి, ఆ పలకలు అమ్మే కంపెనీలో చేరాను. (టై కట్టడం మా మేనేజరు నేర్పాడు. అమ్మడం ఆయనకూ రాదు.) మావి నిప్పుకు ఓర్చుకునే రకం. రెండు అల్యూమినియం రేకుల మధ్య ఉత్త ప్లాస్టిక్ కాకుండా రాతిపొడి లాంటిది దట్టించి ఉంటుంది. అందుకే ధర ఎక్కువ, అందుకే ఎవరూ కొనలేదు. "ఈ నెల ఆర్డరు తేకపోతే ఇక రావద్దు బాబూ" అన్నాడు మేనేజరు, ఎంతో ప్రేమగా.

ముంబై రోడ్డు పక్కన ఫంక్షన్ హాలు కడుతున్న ఒక పటేలు నా చివరి ఆశ. ఆయన బామ్మర్ది అప్పటికే చవక పలకలు తెచ్చి చూపించాడు, ధగధగలాడే బంగారు రంగువి.

"నీయి కాలవంటవ్, సరే. పెండ్లికొచ్చినోళ్ళు బిర్యానీ కాడ కొట్లాడ్తరు గని గోడలకు అగ్గి వెడ్తరా?" అన్నాడు పటేలు.

"ఒక్క కరెంటు తీగ కాలితే సాలు సార్. జెర ఆగుర్రి, సూపెడ్త" అని, ప్లంబరు దగ్గర మంట చిమ్మే బ్లోల్యాంపు అడుక్కొచ్చి, రెండు రకాల ముక్కల్నీ సెంట్రింగు కర్రకు తీగతో వేలాడదీసి మంట పెట్టాను. మా ముక్క నల్లబడి ఊరుకుంది. బామ్మర్ది ముక్క కాసేపు ఆలోచించి, అంచున అంటుకుని, కరిగి నిప్పు చుక్కలు రాల్చసాగింది. సరిగ్గా దాని కిందే గొంతుక్కూర్చుని నేను ఉపన్యాసం ఇస్తున్నాను: "సూసిర్రా సార్, మంట ఎట్ల కిందికి..."

మిగతా సంగతి నా కొత్త పాలియెస్టర్ ప్యాంటు అంటుకుని చెప్పింది. నేను వేసిన గంతులకు తాపీమేస్త్రీలు పని ఆపి చప్పట్లు కొట్టారు. బామ్మర్ది ఈల కూడా వేశాడు. నీడలో కూర్చుని వక్క నములుతున్న పటేలు తల్లి మాత్రం గబుక్కున లేచి, ఇటుకలు తడిపే బకెట్ ఎత్తి నీళ్ళన్నీ నా మీద కుమ్మరించింది. తొడ మీద ఒక బొబ్బతో బయటపడ్డాను.

"ఏందిరా ఆ నవ్వుడు?" అంది కొడుకుతో. "ఈ పిలగానికంటే నీళ్ళు దొరికినయి. లోపల ఆడోళ్ళు, పిల్లలు బువ్వ తింటుంటే గోడ గిట్లనే కారితే, ఎన్ని బకెట్లు మోస్తవ్ రా?"

పటేలు నవ్వు ఆగిపోయింది. "మరి ఏం జెయ్యమంటవే?"

"గా కాలంది వెట్టు."

"దాంట్ల బంగారు రంగు లేదత్తమ్మా!" అన్నాడు బామ్మర్ది.

"ఆ రంగు నీ మోటర్ సైకిలుకు ఏసుకో, పో."

అలా బూడిదరంగు పలకలకు ఆర్డరు దొరికింది. పటేలు జాలిపడి తన లుంగీ ఇచ్చాడు. చొక్కా, టై, కింద లుంగీతో సంగారెడ్డి బస్సెక్కితే కండక్టరు పైనుంచి కిందిదాకా చూసి, "గిదేం డ్యూటీ అన్నా?" అన్నాడు. "ఫైర్ సేఫ్టీ" అన్నాను. బస్సు బస్సంతా నవ్వింది.

ఇప్పుడు నా పనంతా ఏసీ గదుల్లోనే. ఎవరూ కాల్చి చూపమనరు. అయినా అప్పుడప్పుడూ, ఒక చేత్తో జారే లుంగీని, ఇంకో చేత్తో మసిపట్టిన పలకను పట్టుకుని ఫుట్‌బోర్డు మీద రాజులా నిలబడ్డ ఆ కుర్రాడిని తలచుకుంటే కొంచెం అసూయ పుడుతుంది. ఆ పలకలు అమ్మింది తానే అనుకుంటున్నాడు, పిచ్చోడు. అనుకోనీ.